గోడలో వైరు అదే, వేగం మాత్రం మారింది: మనం గుంజే నెట్ కేబుల్ చరిత్ర



విల్లాల్లో, ఫ్లాట్లలో మనం రోజూ గుంజే నీలం కేబుల్ గురించి ఈ వారం రాస్తున్నాం. కొందరు దాన్ని డేటా కేబుల్ అంటారు, కొందరు క్యాట్ సిక్స్ అంటారు, కొత్తగా వచ్చిన హెల్పర్లకైతే అది నెట్ వైరు. బాక్సులోంచి లాగుతాం, కండూట్‌లోకి ఎక్కిస్తాం, ఫేస్‌ప్లేట్ వెనక పంచ్ చేస్తాం, గదిని పెయింటింగ్ వాళ్లకు అప్పజెప్పి వేరే సైటుకు పోతాం. ఆరు నెలలకు ఆ ఇంటి ఓనర్ "నెట్ స్లో" అని ఫోన్ చేస్తాడు. ఆఫీసులో వచ్చే మొదటి మాట "కేబుల్ వేసినోడెవడు?" అని. రౌటర్ ఎంత పాతది, కంప్యూటర్‌లో ఏముంది అని ఎవరూ అడగరు. చూపడానికి మన దగ్గర కాయితం లేకపోతే మాట మన మీదనే నిలుస్తది. కొన్ని చోట్ల జీతంలో కోత కూడా పడుతది.

అందుకే ఈ వైరు కథ మొదటి నుంచి చెప్పుకుందాం. యాభై ఏళ్లలో దీని వేగం సెకనుకు 3 మెగాబిట్లు కూడా లేని చోటు నుంచి వేల మెగాబిట్లకు పోయింది. కానీ గోడల్లోకి వైర్లు చేరిన తర్వాత ఇంజనీర్లు ప్రతి మలుపులో ఒకటే ప్రశ్న వేసుకున్నారు: గోడలో ఉన్న వైరును పీకకుండా వేగం ఎట్ల పెంచాలి? కొత్త వేగం ఎప్పుడూ పాత పనివాడు సరిగ్గా వేసిన వైరు మీదనే నిలబడింది. ఈ సంగతి మనకు తెలిసి ఉండాలి, మన మీద మాట పడ్డప్పుడు చెప్పగలగాలి.

హవాయి గాలిలో మొదలైంది

మొదలు వైరుతో కాదు, రేడియోతో. 1971లో హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ ఏబ్రమ్సన్ బృందం దీవుల మధ్య కంప్యూటర్ సమాచారం పంపడానికి అలోహానెట్ అనే రేడియో నెట్‌వర్క్ నడిపింది. సముద్రం మధ్యలో దీవులు, అందరికీ ఒకటే రేడియో దారి. ఎవరికి పంపాలనిపిస్తే వాళ్లు పంపుడే. ఇద్దరు ఒకేసారి పంపితే రెండూ చెడిపోతాయి, కాసేపు ఆగి మళ్లీ పంపాలి. లెక్క చూస్తే ఆ పద్ధతిలో దారికి ఉన్న సామర్థ్యంలో గరిష్ఠంగా 18 శాతమే పనికి వస్తుంది. మిగిలింది గుద్దుకోవడంలోనూ, ఖాళీగానూ పోతుంది.

ఆ పేపర్ చదివినవాడు బాబ్ మెట్‌కాఫ్. అప్పుడు అతను కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో జిరాక్స్ కంపెనీ పరిశోధన కేంద్రంలో ఉద్యోగి. ఆ కేంద్రం పేరు పార్క్. అక్కడ ఆల్టో అనే సొంత కంప్యూటర్లు తయారవుతున్నాయి. వాటన్నిటినీ ఒకదానితో ఒకటి, కొత్త లేజర్ ప్రింటర్‌తో కలపాలి. 1973 మే 22న మెట్‌కాఫ్ రాసిన ఆఫీసు మెమోలో "ఈథర్" అనే మాట వాడాడు. వెలుగును మోసే కంటికి కనబడని పదార్థం ఒకటి లోకమంతా నిండి ఉందని పూర్వం శాస్త్రవేత్తలు అనుకునేవారు. దాని పేరు అది. హవాయిలో గాలి చేసిన పని ఇక్కడ ఒక వైరు చేస్తుంది గనుక ఈథర్నెట్.

ఇక్కడ మనకు నచ్చే సంగతి ఒకటుంది. అదే ఏడాది ఆ భవనం నేలమాళిగలో మెట్‌కాఫ్ పొడుగాటి కేబుల్ ముందేసుకుని, దాంట్లోంచి కరెంటు పల్సులు పంపి చూస్తున్నాడు. సరిగ్గా రావట్లేదు. అటుగా వచ్చిన డేవిడ్ బాగ్స్ అనే కుర్రాడు, నేను సాయం చేస్తానన్నాడు. బాగ్స్ స్టాన్‌ఫర్డ్ విద్యార్థి, హామ్ రేడియో పిచ్చి ఉన్నవాడు, చేతిపని బాగా తెలిసినవాడు. ఆ ఇద్దరూ కలిసి మొదటి ఈథర్నెట్ కట్టారు. అంటే ఈ విద్య పుట్టిందే ఒక వైరును టెస్టు చేస్తూ. వేగం సెకనుకు 2.94 మెగాబిట్లు.

హవాయి పద్ధతికి వాళ్లు చేర్చింది చిన్న మర్యాద: మాట్లాడే ముందు వినాలి. వైరు మీద ఇంకెవరైనా మాట్లాడుతుంటే ఆగాలి. అయినా ఇద్దరు ఒకేసారి మొదలుపెడితే ఇద్దరూ వెంటనే ఆపేసి, ఎంతసేపు ఆగాలో ఎవరికి వారు లాటరీలా ఎంచుకుని మళ్లీ మొదలుపెట్టాలి.

పచ్చ కేబుల్ రోజులు

1980లో డిజిటల్, ఇంటెల్, జిరాక్స్ అనే మూడు కంపెనీలు కలిసి 10 మెగాబిట్ల ఈథర్నెట్ నియమాలు అచ్చు వేశాయి. 1983లో ఐఈఈఈ అనే ఇంజనీర్ల సంస్థ దాన్ని 802.3 అనే నంబరుతో స్టాండర్డ్ చేసింది. ఇప్పటికీ ఈథర్నెట్‌కు ఆ నంబరే.

అప్పటి కేబుల్ మనం చూసేది కాదు. బొటనవేలంత లావు కోయాక్సియల్, మామూలుగా పసుప్పచ్చ రంగు. టీవీ డిష్ కేబుల్‌కు పెద్దన్న అనుకోండి. ఒక ముక్క 500 మీటర్ల దాకా పోవచ్చు. కంప్యూటర్ కలపాలంటే కేబుల్‌కు రంధ్రం చేసి, లోపలి రాగి తీగకు మొన తగిలేలా ఒక బిగింపు పెట్టేవాళ్లు. నెత్తురు తాగే దయ్యం పన్ను దిగినట్టు ఉంటుందని దానికి వ్యాంపైర్ ట్యాప్ అని పేరు. ఎక్కడ పడితే అక్కడ పెట్టకూడదు, కేబుల్ మీద 2.5 మీటర్లకు ఒక గుర్తు ఉండేది, ఆ గుర్తుల దగ్గరే పెట్టాలి. వంచాలంటే కష్టం, మోయాలంటే బరువు.

తర్వాత సన్న కోయాక్స్ వచ్చింది, ఒక ముక్కకు 185 మీటర్లు. సీసీటీవీ పాత కెమెరాలకు మనం పెట్టిన బీఎన్‌సీ కనెక్టర్లే దానికీ. చౌక. కానీ ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి దండలా గుచ్చుకుంటూ పోవాలి, రెండు చివర్లా 50 ఓముల టెర్మినేటర్ ఉండాలి. ఎక్కడైనా ఒక చోట కనెక్టర్ వదులైతే దండంతా తెగినట్టు. ఒకరి బల్ల కింద కాలు తగిలితే ఆఫీసంతా ఆగిపోయేది. తప్పు ఎక్కడుందో పట్టాలంటే దండను సగానికి విడదీసి చూడాలి, ఆ సగాన్ని మళ్లీ సగం చేయాలి. ఈ సగం చేసే పద్ధతి ఇప్పటికీ మనకు పనికొస్తది, కింద చెప్తాం.

టెలిఫోన్ తీగ వచ్చింది

మలుపు తిరిగింది టెలిఫోన్ వైరుతో. రెండు తీగలను తాడులా పేని పురి పెడితే బయటి గోల తగ్గుతుందని అలెగ్జాండర్ గ్రాహం బెల్ 1881లోనే పేటెంట్ తీసుకున్నాడు. కిటుకు సులువు. పక్కన ఏసీ మోటారో కరెంటు లైనో ఉంటే దాని గోల పురిలో ఉన్న రెండు తీగలకూ దాదాపు సమానంగా తగులుతుంది. అవతలి చివర యంత్రం ఈ రెండు తీగల మధ్య తేడాను మాత్రమే చదువుతుంది. రెండింటికీ సమానంగా తగిలిన గోల ఆ తీసివేతలో పోతుంది. పురి ఉన్నంత వరకే ఈ లాభం.

అమెరికా ఆఫీసుల్లో ప్రతి బల్ల దాకా టెలిఫోన్ తీగలు అప్పటికే ఉన్నాయి. వాటి మీదనే కంప్యూటర్లు ఎందుకు నడపకూడదు అన్న ఆలోచన 1980ల నడుమ బలపడింది. స్టార్‌ల్యాన్ అనే పద్ధతిలో 1 మెగాబిట్ నడిపారు. పార్క్ నుంచే బయటికి వచ్చినవాళ్లు పెట్టిన సిన్‌ఆప్టిక్స్ కంపెనీ 10 మెగాబిట్లు నడిపి చూపింది. 1990లో అది స్టాండర్డ్ అయింది, పేరు 10 బేస్ టీ. ఆ "టీ" అంటే పురి పెట్టిన జత. దండ పద్ధతి పోయింది. నడుమ హబ్ ఒకటి, అక్కడి నుంచి ప్రతి కంప్యూటర్‌కూ విడిగా ఒక వైరు. ఒకటి తెగితే ఆ ఒక్కటే ఆగుతుంది. ఇప్పుడు మనం విల్లాలో రాక్ నుంచి ఒక్కో గదికి గుంజే పద్ధతి అదే.

టెలిఫోన్ చుట్టరికం ప్లగ్గులో ఇంకా కనబడుతది. రంగుల వరస మనకు నిద్రలో అడిగినా వస్తది: తెల్ల ఆరెంజ్, ఆరెంజ్, తెల్ల పచ్చ, నీలం, తెల్ల నీలం, పచ్చ, తెల్ల బ్రౌన్, బ్రౌన్. పచ్చ జత ఎందుకు విడిపోయి 3లో ఒకటి, 6లో ఒకటి పడింది? నడుమ 4, 5లో టెలిఫోన్ మొదటి లైను ఉండేది. రెండో లైను దానికి రెండు పక్కలా ఉండేది. చిన్న ఫోన్ ప్లగ్గు పెద్ద సాకెట్‌లో పెట్టినా పని చేయాలని ఆ ఏర్పాటు. ఫోన్ పోయినా దాని కోసం వదిలిన చోటు మన చేతుల్లో మిగిలింది.

ఇక్కడే ఒక పెద్ద దెబ్బ దాగి ఉంది. కొత్త తమ్ముళ్లు కొందరు ఆరెంజ్ జత, పచ్చ జత, నీలం జత, బ్రౌన్ జత అని అందంగా వరసగా పెట్టి రెండు చివర్లా అట్లనే క్రింప్ చేస్తారు. లైట్ల టెస్టర్ పెడితే 1 నుంచి 8 దాకా అన్ని లైట్లూ వరసగా వెలుగుతాయి. కరెంటు పోతుంది గనుక టెస్టర్ ఓకే అంటది. కానీ 3, 6 మీద పోయే సిగ్నల్‌కు ఇప్పుడు ఒకే జతలోని తీగలు లేవు, ఒకటి పచ్చ జతది, ఒకటి బ్లూ జతది. పురి లాభం పోయింది. దీన్ని స్ప్లిట్ పెయిర్ అంటారు. 10 మెగాబిట్ల కాలంలో చిన్న వైరులో అది నడిచిపోయేది. ఇప్పటి వేగంలో నడవదు, లేదా నడిచినట్టే నడిచి మధ్యలో తప్పిపోతది. లైట్ల టెస్టర్ తీగ తెగిందా లేదా చెప్తది, ఏ తీగ ఏ తీగతో పేనుకుందో చెప్పదు.

స్విచ్ ఒక మలుపు

హబ్ అంటే ఒకడు మాట్లాడితే అందరికీ వినబడే గది. 1990లో కల్పన అనే కంపెనీ మొదటి ఈథర్నెట్ స్విచ్ మార్కెట్‌లోకి తెచ్చింది. పేరు చూసే మనోళ్లెవరో ఉన్నారని తెలుస్తది. దాని స్థాపకుల్లో ఒకరు భారతీయ మూలాలున్న వినోద్ భరద్వాజ్. 1994లో సిస్కో ఆ కంపెనీని కొన్నది. స్విచ్ ఎవరి మాట వాళ్లకే చేరుస్తుంది. కంప్యూటర్‌కూ స్విచ్‌కూ మధ్య వైరులో రెండే పక్షాలు గనుక ఒకేసారి చెప్పొచ్చు, వినొచ్చు. దాన్నే ఫుల్ డూప్లెక్స్ అంటారు. గుద్దుకోవడం అనే మాటే పోయింది. మెట్‌కాఫ్ మర్యాద ఇక అక్కర లేకపోయింది, పేరు మాత్రం నిలిచింది.

1995లో 100 మెగాబిట్లు వచ్చాయి. క్యాట్ 5 కేబుల్, నాలుగు జతల్లో రెండు జతలే పని చేస్తాయి: 1-2, 3-6. మిగిలిన నీలం, బ్రౌన్ జతలు ఊరకే ఉంటాయి. చాలా మంది పాత ఎలక్ట్రీషియన్లు ఆ ఖాళీ జతల్లో ఇంకో కంప్యూటరో ఫోనో నడిపేవాళ్లు. ఒక కేబుల్‌తో రెండు పనులు. అప్పటికి అది తెలివి. తర్వాత వచ్చిన వేగానికి అదే అడ్డం.

ఆ కాలం నుంచే ఇంకో తెగులు మొదలైంది. రెండు చివర్ల యంత్రాలు తమలో తాము వేగం మాట్లాడుకుని ఒప్పుకుంటాయి. ఒక పక్క ఎవరైనా సెట్టింగుల్లోకి పోయి "100, ఫుల్" అని బిగించి, రెండో పక్క ఆటోలో వదిలితే, ఆటో పక్కకు జవాబు దొరకక హాఫ్ డూప్లెక్స్‌కు పడిపోతది. లైటు వెలుగుతది, పింగ్ పోతది, ఫైలు పంపితే మాత్రం ఈడ్చుకుంటూ పోతది. వైరు నిర్దోషి, మాట పడేది వైరు వేసినోడికి. మందు ఒకటే: రెండు పక్కలా ఆటో.

1999: పాత వైరు మీద పది రెట్లు

ఈ కథలో మాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఇది. 1998లో గిగాబిట్ ఈథర్నెట్ వచ్చినప్పుడు అది ముఖ్యంగా ఫైబర్ మీద. కానీ లోకమంతా భవనాల్లో క్యాట్ 5 రాగి వైరు అప్పటికే గోడల్లో ఉంది. దాన్ని పీకి ఫైబర్ వేయడం ఎవరికి సాధ్యం? 1999లో 802.3 ఏబీ అనే స్టాండర్డ్ జవాబు చెప్పింది. నాలుగు జతలనూ వాడారు. ఒక్కో జత మీద 250 మెగాబిట్లు, అది కూడా ఒకేసారి రెండు దిక్కులా. సిగ్నల్ కొట్టుకునే వేగం 100 మెగాబిట్ల పద్ధతిలో ఎంతో ఇక్కడా అంతే, సెకనుకు 12.5 కోట్ల సార్లు. మారింది ఏందంటే, ఒక్కో కొట్టుకు ఐదు మెట్ల వోల్టేజీలు పెట్టారు, తన గొంతు ప్రతిధ్వనిని తానే తీసేసుకునే లెక్క చిప్పులో పెట్టారు. కష్టమంతా రెండు చివర్ల చిప్పుల మీద వేసి, గోడలో వైరును అట్లనే ఉంచారు.

కాకపోతే షరతు ఉంది. ఆ వైరు స్టాండర్డ్ చెప్పినట్టే వేసి ఉండాలి. గోడలో 90 మీటర్లు, రెండు చివర్ల ప్యాచ్ కార్డులకు 10, మొత్తం 100 మీటర్లు దాటొద్దు. పంచ్ చేసే చోట పురి 13 మిల్లీమీటర్లకు మించి విప్పొద్దు. వంపు కేబుల్ మందానికి నాలుగు రెట్ల కన్నా బిగుతుగా ఉండొద్దు. లాగుడు బలం దాదాపు 11 కిలోల బరువు దాటొద్దు. ఇంకోటి, ఆ 100 మీటర్ల లెక్క 20 డిగ్రీల వేడికి వేసింది. వేడి పెరిగిన కొద్దీ రాగిలో సిగ్నల్ ఎక్కువ పోతది. మన ఎండల్లో టెర్రస్ కింద, ఏసీ లేని సీలింగ్ పైన పోయే పొడుగు వైర్లకు కొన్ని మీటర్లు తగ్గించుకోవడమే మేలు.

1995లో పురి ఎక్కువ విప్పి, పట్టుకుని బలంగా గుంజి పని ముగించిన చోట 100 మెగాబిట్లు నడిచాయి గనుక ఎవరికీ తెల్వలేదు. గిగాబిట్ పెట్టిన రోజు ఆ చేతిపని బయటపడ్డది. పద్ధతిగా వేసిన చోట అదే వైరు పది రెట్లు మోసింది.

కొలవడం ఎట్ల నేర్చారు

వేగం పెరిగితే సరిపోదు, ఎంత వస్తుందో తెలియాలి. అమెరికాలో మేరీల్యాండ్‌లోని సైన్యం పరిశోధనశాల ఉద్యోగి మైక్ మూస్ 1983 డిసెంబరులో, నెట్‌వర్క్ వింతగా ప్రవర్తిస్తోందని, పింగ్ అనే చిన్న ప్రోగ్రాం రాశాడు. జలాంతర్గామి నీళ్లలో చప్పుడు చేసి ప్రతిధ్వని వినడం ఎట్లనో ఇదీ అట్లనే, పేరు కూడా ఆ చప్పుడుదే. పింగ్ దారి ఉందా, ఎంత సేపట్లో జవాబు వస్తుందో చెప్తది. ఎంత సరుకు మోయగలదో చెప్పదు. దానికోసం మూస్, టెర్రీ స్లాటరీ కలిసి 1984లో టీటీసీపీ రాశారు. ఇటు నుంచి సమాచారం కుమ్మరించి, అటు ఎంత వేగంగా చేరిందో లెక్కేసే ప్రోగ్రాం. డిస్కు జోలికి పోదు, మెమరీ నుంచి మెమరీకి. అందువల్ల కొలిచేది దారినే, హార్డ్ డిస్కును కాదు.

కొలత ఎంత అవసరమో 1986 అక్టోబరు చూపింది. కాలిఫోర్నియాలో లారెన్స్ బర్కిలీ ప్రయోగశాల నుంచి బర్కిలీ విశ్వవిద్యాలయానికి దూరం 400 గజాలు. సెకనుకు 32,000 బిట్లు పోవాల్సిన దారిలో 40 బిట్లకు పడిపోయింది. వైరు తెగలేదు. దారి నిండినప్పుడు కంప్యూటర్లు పోయినదాన్నే మళ్లీ మళ్లీ పంపి ఇంకా నింపాయి. వాన్ జేకబ్సన్ దీన్ని పరిశీలించి, 1988లో రాసిన పేపర్‌లో మందు చెప్పాడు: ఒక ప్యాకెట్ పోయిందని తెలియగానే పంపేవాడు వేగం తగ్గించుకోవాలి, మెల్లగా పెంచుకోవాలి. ఇప్పటికీ ప్రతి కంప్యూటర్, ప్రతి ఫోన్ ఈ సూత్రం మీదనే నడుస్తుంది.

దీంతో మనకేం పని? ఒక చెడు పంచింగ్ వల్ల వెయ్యి ప్యాకెట్లకు కొన్ని చెడిపోయాయి అనుకోండి. పోయింది కొన్నే గదా అనిపిస్తది. కానీ పోయిన ప్రతిసారీ కంప్యూటర్ "దారి నిండింది" అనుకుని వేగం తగ్గిస్తది. అందుకే చిన్న తప్పుకు పెద్ద శిక్ష.

టీటీసీపీ బాటలోనే తర్వాత ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో ఐపెర్ఫ్ పుట్టింది. ఇప్పుడు అందరూ వాడే ఐపెర్ఫ్ 3 ఈఎస్‌నెట్ అనే పరిశోధన నెట్‌వర్క్ వాళ్లది. అది నడిచేది అదే లారెన్స్ బర్కిలీ ప్రయోగశాలలో. ఉచితం. ల్యాప్‌టాప్‌లో నడుస్తది.

రెండు అంకెలు గుర్తుంచుకోండి: 941, 94

గిగాబిట్ అంటే 1000 రావాలి గదా, 941 ఏంది అంటారు. ఒక్కో ప్యాకెట్‌తో పాటు చిరునామా, చెక్ లెక్క, ముందు పిలుపు, వెనక ఖాళీ అన్నీ కలిపి వైరు మీద 1538 బైట్లు పోతే, అందులో మన సరుకు 1448 బైట్లు. అది 94.1 శాతం. కాబట్టి నిండుగా నడిచే గిగాబిట్ వైరు మీద ఐపెర్ఫ్ 941 దగ్గర చూపిస్తది. 100 మెగాబిట్ల లింకు అయితే 94. ఈ రెండు అంకెలే సగం రోగం చెప్తాయి.

94 వచ్చిందంటే లింకు 100కు పడిపోయింది. నీలం జతలోనో బ్రౌన్ జతలోనో తీగ తెగింది, లేదా పాత పనివాడు ఆ జతలను వేరే పనికి వాడాడు, లేదా ఒక పక్క యంత్రమే 100ది. 941 వచ్చిందంటే గోడలో వైరు బంగారం, తప్పు ఇంకెక్కడో. మధ్యలో 300, 600 అని ఊగుతుంటే ప్యాకెట్లు పోతుండవచ్చు, లేకపోతే ఒక పక్క కంప్యూటర్ బలం చాలట్లేదు.

ఓనర్లు మెగాబిట్లు మాట్లాడరు, ఫైలు కాపీ అయ్యే టైము మాట్లాడతారు. 8 బిట్లు ఒక బైటు గనుక 941ని 8తో భాగిస్తే సెకనుకు 117 మెగాబైట్లు. 10 గిగాబైట్ల పెళ్లి వీడియో ఒకటిన్నర నిమిషంలో పోవాలి. 94 అయితే 14 నిమిషాలు. అయితే అవతల యూఎస్‌బీ 2 డ్రైవ్ పెట్టి ఉంటే అదే సెకనుకు 40 మెగాబైట్లు దాటదు, మనం బంగారు వైరు వేసినా సరే. ఫోన్లో చూసే స్పీడ్ టెస్టు బయటి కంపెనీ లైనును, వైఫైని, రౌటర్‌ను అన్నిటినీ కలిపి కొలుస్తది. ఇంట్లో వైరును విడిగా కొలిచేది ఐపెర్ఫ్.

మేము చేసే వరస ఇది. ముందు కంప్యూటర్ సెట్టింగుల్లో లింకు 1000 అని ఉందా 100 అని ఉందా చూస్తాం. రెండు ల్యాప్‌టాప్‌లు గోడ వైరుకు రెండు చివర్లా పెట్టి 30 సెకన్లు ఐపెర్ఫ్ నడుపుతాం, ఆ తర్వాత దిక్కు మార్చి మళ్లీ నడుపుతాం. తక్కువ వస్తే అవే రెండు ల్యాప్‌టాప్‌ల మధ్య మంచిదని తెలిసిన చిన్న ప్యాచ్ కార్డు ఒకటి పెట్టి చూస్తాం. దాంట్లో 941 వచ్చి గోడ వైరులో రాకపోతే తప్పు గోడ వైరుదే. దాంట్లోనూ రాకపోతే తప్పు ల్యాప్‌టాప్‌లది. ఇది పాత కోయాక్స్ దండను సగం చేసిన పద్ధతే. తప్పు గోడ వైరుదని తేలితే ముందు రెండు చివర్లూ కోసి కొత్తగా పంచ్ చేస్తాం. తప్పు ఎక్కువగా చివర్లలోనే దొరుకుతది, నడుమ తక్కువ. ఆ తర్వాతే గుంజి మార్చే మాట.

కొందరు ఇంటర్నెట్‌లో చదివి జంబో ఫ్రేములు పెట్టమంటారు. ప్యాకెట్ సైజు 1500 నుంచి 9000కు పెంచడం అది. 941 నుంచి 990 దాకా పోతది, ఐదు శాతం లాభం. కానీ దారిలో ప్రతి యంత్రం ఒప్పుకోవాలి, ఒకటి ఒప్పుకోకపోతే కొత్త తలనొప్పి. ఇళ్లకు అవసరం లేదని మా మాట.

రాగి కాని రాగి

1995లో అమెరికా టెలికం స్టాండర్డ్ సంస్థ వేసిన వైరును సైటులోనే ఎట్ల పరీక్షించాలో నియమం పెట్టింది. అప్పటి నుంచే సర్టిఫై చేసే మిషన్లు వచ్చాయి. ఒక జత గోల పక్క జతకు ఎంత తగులుతుందో, దూరం పోయేసరికి ఎంత తగ్గుతుందో కొలిచి పాస్ ఫెయిల్ కాయితం ఇస్తాయి. స్ప్లిట్ పెయిర్‌ను అవి పట్టేస్తాయి. పెద్ద ప్రాజెక్టుల్లో ఆ మిషన్ ఉంటది. చిన్న విల్లా పనుల్లో ఎవరూ తేరు, ఖరీదు ఎక్కువ. అక్కడ మనకు ఐపెర్ఫే కాయితం.

చిన్న పనుల్లో ఇంకో మోసం ఉంది. పై పూత రాగి, లోపల అల్యూమినియం ఉన్న కేబుల్. బాక్సు మీద క్యాట్ 6 అని ఉంటది. స్టాండర్డ్ దాన్ని ఒప్పుకోదు, తీగ మొత్తం రాగే ఉండాలి. బాక్సు ఎత్తితే తేలికగా ఉంటది. బ్లేడుతో తీగ గీరితే లోపల తెల్లగా కనబడుతది. రెండు మూడు సార్లు వంచితే విరుగుతది. నిరోధం ఎక్కువ గనుక కేబుల్ ద్వారానే కరెంటు తీసుకునే కెమెరాలు పెడితే వేడెక్కుతది. ఇట్లాంటి బాక్సు సైటుకు వస్తే గుంజే ముందే తీగ గీరి ఫొటో తీసి ఫోర్‌మన్ గ్రూపులో పెట్టండి. గోడ మూసినంక ఆ తప్పు మన చేతిది అయితది.

2016: మళ్లీ అదే లెక్క

2006లో రాగి మీద 10 గిగాబిట్లు వచ్చాయి. కానీ 100 మీటర్లకు క్యాట్ 6 ఏ కావాలి, మామూలు క్యాట్ 6 మీద 55 మీటర్ల దాకానే. ఇంతలో వైఫై వేగం గిగాబిట్ దాటింది. సీలింగ్‌లో వైఫై పెట్టెకు పోయే వైరు మాత్రం పాతదే. మళ్లీ అదే ప్రశ్న. 2016లో 802.3 బీజెడ్ స్టాండర్డ్ వచ్చింది. 2.5 గిగాబిట్లు క్యాట్ 5 ఈ మీద, 5 గిగాబిట్లు క్యాట్ 6 మీద, 100 మీటర్ల దాకా. 10 గిగాబిట్ల పద్ధతినే నెమ్మదిగా నడిపి, గోడలో ఉన్న వైరుకు సరిపెట్టారు.

అంటే 2005లో మనకంటే ముందు వచ్చిన అన్నలు ఎవరో ఈ ఎండల్లో, సీలింగ్‌లో పడుకుని పద్ధతిగా గుంజిన క్యాట్ 5 ఈ ఈ రోజు, వాళ్లు ఊహించని వేగం మోస్తోంది. వాళ్లలో చాలా మంది ఊళ్లకు పోయి ఉంటారు. వాళ్ల పేర్లు ఏ డ్రాయింగ్ మీదా లేవు.

మన పని కూడా 20 ఏళ్ల తర్వాత ఎవరో కొలుస్తారు. అందుకని ఒక చిన్న అలవాటు పెట్టుకుందాం. గోడ మూసే ముందు ప్రతి పాయింటుకు ఐపెర్ఫ్ నడిపి, రెండు దిక్కుల అంకెలు, గది పేరు, తేదీ, కేబుల్ మీద అచ్చు వేసిన మీటర్ నంబరు కనబడేలా ఫొటో తీసి దాచుకోండి. ఒక పాయింటుకు ఐదు నిమిషాలు పట్టదు. ఆరు నెలలకు "కేబుల్ వేసినోడెవడు?" అని ఆఫీసు నుంచి ఫోన్ వస్తే, నేనే వేసిన సార్, ఆ రోజు 941 వచ్చింది, ఇదిగో ఫొటో అని చెప్పొచ్చు. హెల్పర్ నుంచి టెక్నీషియన్ గ్రేడ్ అడిగేటప్పుడు కూడా ఆ ఫొటోలు నోటి మాట కన్నా బలంగా పని చేస్తాయి.

మీ సైటులో 94 వచ్చిన పాయింట్లుంటే, తప్పు ఏ చివర దొరికిందో కింద రాయండి. కొత్తగా వచ్చిన తమ్ముళ్లకు ఇది పంపండి. వచ్చే శుక్రవారం ఫైబర్ గురించి రాస్తాం.